సైన్సు డే అయిపోయింది, శాలువాలు మిగిలాయి. వచ్చే ఏడాది డబ్బు ఎలా ఖర్చు పెట్టాలి?

వాడపల్లి_శీను | మార్చి 2, ఉదయం 7:40

అందరికీ నమస్కారం. మాది మిర్యాలగూడ పక్కన ఒక పల్లె. మేం చదువుకున్న జిల్లా పరిషత్ హైస్కూలు కోసం పూర్వ విద్యార్థులం నలభై మందిమి ఒక సంఘం పెట్టుకున్నాం. రిజిస్ట్రేషన్ అయింది, పాన్ కార్డు కూడా వచ్చింది. బడికి గేట్లు, గడియారాలు, సరస్వతి విగ్రహాలు ఇచ్చేవాళ్లు ఎటూ ఉన్నారు కదా, మనం సైన్సు ఒక్కటే పట్టుకుందాం అని పోయిన ఏడాది తీర్మానం చేశాం.

మొన్న ఫిబ్రవరి 28న సైన్సు డే ఘనంగా చేశాం. మర్నాడు లెక్కలు చూస్తే గొంతులో వెలక్కాయ పడ్డట్టయింది. ఏడాదంతా కలిపి ఖర్చు 2 లక్షల 10 వేలు. అందులో 74 వేలు ఆ ఒక్క రోజుకే పోయాయి: షామియానా, మైకు, భోజనాలు, ఫ్లెక్సీలు, మెమెంటోలు, శాలువాలు. పదకొండు శాలువాలు మిగిలి మా ఇంట్లోనే ఉన్నాయి, ఎవరికైనా కావాలంటే చెప్పండి.

జూలైలో రెండు మైక్రోస్కోపులు కొనిచ్చాం, 19 వేలు. అవి బీరువాలో ఉన్నాయట. తాళంచెవి పాత హెచ్చెమ్ గారి దగ్గర ఉండిపోయిందట, ఆయనకేమో బదిలీ అయింది. మిగతా డబ్బు చెకుముకి అనే సైన్సు పోటీ పరీక్షలకు పిల్లల్ని తీసుకెళ్లడానికి, కేంద్ర ప్రభుత్వ ఇన్‌స్పైర్ పథకం కింద పిల్లలు చేసే మోడళ్లకు, బిర్లా సైన్స్ మ్యూజియం చూపించడానికి పెట్టిన ఒక బస్సుకు అయింది.

ఇలాంటి పని చేసినవాళ్లు, చేయించుకున్నవాళ్లు ఇక్కడ ఉంటారని రాస్తున్నా. మీ చేతికి రెండు లక్షలిస్తే ఏడాదిలో ఏం చేస్తారు?

---

భౌతికం_మేడం | మార్చి 2, ఉదయం 8:15

శీను గారూ, ముందు ఆ బీరువా సంగతి మాట్లాడదాం. పదహారేళ్లుగా ఫిజిక్స్ చెబుతున్నాను, నా బళ్లోనూ అలాంటి బీరువా ఉంది.

మీరు ఇచ్చిన రోజే అవి స్టాక్ రిజిస్టర్‌లోకి ఎక్కుతాయి. ఆ తర్వాత లెన్సు పగిలితే ఎవరు పగలగొట్టారు, ఎప్పుడు, ఎందుకు అని రాయాలి. రేపు చార్జి అప్పగించేటప్పుడు లెక్క తేలకపోతే టీచరు మెడకే చుట్టుకుంటుంది. కాబట్టి అందరికన్నా జాగ్రత్త గల టీచరు ఏం చేస్తారంటే, తాళం వేస్తారు. వాళ్లను తప్పు పట్టడానికి లేదు.

ఈసారి ఏదైనా ఇచ్చేటప్పుడు సంఘం లెటర్‌హెడ్ మీద "పిల్లలు వాడుతుండగా పగిలితే మాకు అభ్యంతరం లేదు, వేరేది కొనిస్తాం" అని రాసి సంతకం పెట్టివ్వండి. నవ్వకండి. మా బడికి ఒక దాత ఇలాగే రాసిచ్చారు. ఆ ఏడాది నాలుగు బీకర్లు, ఒక ప్రిజం, బోలెడు టెస్ట్‌ట్యూబులు పగిలాయి. పదో తరగతి పిల్లలు మొదటిసారి వాటిని తమ చేత్తో పట్టుకున్నారు.

రెండో సంగతి దారి ఖర్చులు. చెకుముకిలో మండలం దాటి జిల్లాకి, అక్కడ గెలిస్తే రాష్ట్రస్థాయికి వెళ్లాలి. జట్టులో ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల నుంచి ఒక్కొక్కరు. ఆటో, బస్సు, టిఫిను అన్నీ టీచరు జేబులోంచే. డబ్బు ఎలాగో సర్దుకుంటాం. అసలు చిక్కు ఆడపిల్లలతో వస్తుంది. రాత్రి ఉండాల్సి వస్తే ఇంట్లో పంపరు. రెండేళ్ల కింద నా దగ్గర తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతి జిల్లాలో గెలిచింది, రాష్ట్రస్థాయికి వాళ్ల నాన్న ససేమిరా అన్నాడు. తోడుగా నేను వస్తానన్నా ఒప్పుకోలేదు. చివరికి వాళ్లమ్మకి కూడా టికెట్ తీశాను. అప్పుడు ఒప్పుకున్నాడు. ఆ టికెట్ 340 రూపాయలు.

---

రైస్‌మిల్లు_రమణ | మార్చి 2, ఉదయం 9:02

శీనూ, నేనే. ఆ శాలువాల్లో మూడు నేను కప్పించుకున్నవే, ఇంకా ఉన్నాయంటే ఇచ్చెయ్యి. 😀

కానీ ఒక మాట. మీరంతా షామియానాను తిడుతున్నారు గానీ, సంఘానికి 2 లక్షలు వచ్చిందే ఆ షామియానా కింద నుంచి. పోయిన సైన్సు డేకి వచ్చిన ఇద్దరు మిల్లర్లు స్టేజీ మీదే చెరో పాతిక వేలు ప్రకటించారు. పేపర్లో ఫొటో పడింది కాబట్టే ఈ ఏడు మళ్లీ ఇచ్చారు. ఫొటో వద్దు, మైక్రోస్కోపుకి ఇయ్యి అంటే వాళ్లకు మైక్రోస్కోపు అంటే ఏందో తెల్వదు. ఇచ్చేవాడి ఇది కూడా చూడాలె.

---

సిరి_ఎడిసన్ | మార్చి 2, ఉదయం 10:26

న్యూజెర్సీ నుంచి. రమణ గారి మాట కొట్టిపారెయ్యలేం. ఇక్కడా అదే కథ, శాలువాలకు బదులు చెక్కులు.

మా అమ్మాయి హైస్కూల్లో సైన్స్ ఫెయిర్‌కి వెళ్తుండగా నాకు అలవాటై, ఇప్పుడు మా ప్రాంతంలో జడ్జిగా వెళ్తున్నాను. ఇక్కడ ఈ పని ప్రధానంగా చేసేది సొసైటీ ఫర్ సైన్స్ అనే లాభాపేక్ష లేని సంస్థ. 1921లో పెట్టారు. పెట్టినవాళ్లలో ఒకరు స్క్రిప్స్ అనే పత్రికల యజమాని, ఇంకొకరు రిట్టర్ అనే జీవశాస్త్రవేత్త. మొదట్లో వాళ్ల పని పోటీలు పెట్టడం కాదు, పత్రికలకు సైన్సు వార్తలు రాసి పంపడం. 1942లో హైస్కూలు పిల్లలకు టాలెంట్ సెర్చ్ అనే సైన్సు పోటీ మొదలైంది. దానికి డబ్బిచ్చే కంపెనీ పేరు మారుతూ వచ్చింది: వెస్టింగ్‌హౌస్, ఇంటెల్, 2017 నుంచి రీజెనరాన్. మొదటి బహుమతి ఇప్పుడు రెండున్నర లక్షల డాలర్లు.

పేపర్లో వచ్చేది ఆ రెండున్నర లక్షలే. నాకు నచ్చింది వేరే. ఏటా 300 మందిని స్కాలర్లుగా ఎంపిక చేసి తలా 2,000 డాలర్లిస్తారు. ప్రతి స్కాలర్ చదివే బడికీ ఇంకో 2,000 ఇస్తారు. అంటే ఒక పిల్ల గెలిస్తే వాళ్ల ల్యాబ్‌కి కూడా ఏదో వస్తుంది. శీను గారూ, ఇది మీరు మీ స్థాయిలో చేయొచ్చు. గెలిచిన పిల్లకు వెయ్యి ఇస్తే ఆ క్లాసుకీ వెయ్యి.

వాళ్లే నడిపే ఐసెఫ్ అనే అంతర్జాతీయ ఫెయిర్ గురించి ఒక విచిత్రం చెప్పాలి. 1950లో ఫిలడెల్ఫియాలో మొదలైంది, ఇప్పుడు అరవైకి పైగా దేశాల పిల్లలు వస్తారు, మన దేశం నుంచి కూడా. అక్కడ స్టాల్ దగ్గర ఏ రసాయనమూ పెట్టకూడదు, చివరికి నీళ్లు కూడా! మట్టి, రాళ్లు, మొక్కలు ఏవీ కుదరవు. బోర్డు, లాగ్ బుక్కు, పిల్ల నోరు, అంతే. మొదటిసారి విన్నప్పుడు వంటసోడాతో అగ్నిపర్వతం చేసే మా బ్యాచ్‌కి ఇక ఏం మిగిలిందని నవ్వుకున్నాను. జడ్జిగా కూర్చున్నాక తెలిసింది, బల్ల మీద ఏమీ లేకపోతే పిల్లలు తప్పనిసరిగా తాము చేసింది చెప్పాలి. లాగ్ బుక్కు తిరగేస్తే ఎవరు చేశారో పది నిమిషాల్లో తెలిసిపోతుంది. అచ్చు గుద్దినట్టు ఒకే పెన్నుతో, ఒకే దస్తూరీతో ఉందంటే నిన్న రాత్రి రాసిందే.

ఇక్కడంతా బాగుందని అనను. యూనివర్సిటీ ల్యాబులో పనిచేసే అమ్మానాన్నలున్న పిల్లకీ, లేని పిల్లకీ మధ్య తేడా బోర్డు చూడగానే కనిపిస్తుంది. ఆ సంస్థకీ అది తెలుసు. వెనకబడ్డ ప్రాంతాల పిల్లల్ని పోటీల దాకా తీసుకొచ్చే టీచర్లకు విడిగా గౌరవవేతనం ఇస్తుంది.

---

తిక్కశంకరం | మార్చి 2, ఉదయం 11:10

నీళ్లు కూడా పెట్టకూడదా! మా వాడి ఇన్‌స్పైర్ మోడల్ మొత్తం నీళ్లే అక్కా. "ఆటోమేటిక్ వాటర్ లెవెల్ అలారం".

కథ వినండి. బడికి ఐదు ఆలోచనలు పంపొచ్చు అన్నారు. మా వాడిది ఎంపికైంది, అకౌంట్లో పది వేలు పడ్డాయి. ఇంట్లో పండగే. ఆ తర్వాత మోడల్ తయారు చేయడానికి టౌన్లో ఒకాయన దగ్గరికి వెళ్లమని ఎవరో చెప్పారు. ఆయన షాపులో మా వాడి "సొంత ఆలోచన" అప్పటికే ఆరు రెడీగా ఉంది, వరసగా అట్టపెట్టెల్లో. రంగులు మాత్రం వేరు. 4,500 అన్నాడు, బేరమాడితే 3,800. మాట్లాడాల్సింది కూడా ఒక కాగితం మీద ప్రింటు తీసిచ్చాడు, అది ఫ్రీ.

జిల్లా ఎగ్జిబిషన్‌లో మా వాడి పక్క స్టాల్లో అదే మోడల్ ఉంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని తలొంచుకున్నారు. సిగ్గుచేటు, నేనూ అందులో భాగమే, ఒప్పుకుంటున్నా.

కానీ ఆ తర్వాత ఒకటి జరిగింది. మోడల్ ఇంటికి తెచ్చాక వాడు దాన్ని విప్పాడు. ట్రాన్సిస్టర్ ఏమిటి, బజర్ ఏమిటి, ఈ రెండు తీగలు నీళ్లలో తగిలితే ఎందుకు మోగుతోంది అని యూట్యూబ్ పెట్టుకుని కూర్చున్నాడు. రెండు నెలలకి అదే బజర్‌ని వాళ్ల నానమ్మ బోరు స్టార్టర్ దగ్గర పెట్టాడు. ఇన్‌స్పైర్ వాళ్లు చూడాల్సింది అది, చూసింది అట్టపెట్టెని.

---

గుడుపల్లె_బాబు | మార్చి 2, మధ్యాహ్నం 12:47

నేను చెప్పేది అవతలి వైపు నుంచి, అంటే చేయించుకున్నవాడిగా.

మాది కుప్పం దగ్గర. అగస్త్య ఇంటర్నేషనల్ ఫౌండేషన్ వాళ్ల క్యాంపస్ మా వైపే, 172 ఎకరాలు. రాంజీ రాఘవన్ గారు 1999లో సంస్థ మొదలుపెట్టారు. మా పెద్దోళ్లు చెప్పేదాని ప్రకారం అప్పుడు అదంతా బోడి గుట్ట. ఇప్పుడు పక్షులు చూడటానికి జనం వస్తారు. కానీ క్యాంపస్ కన్నా ముందు నాకు తెలిసింది వాళ్ల వ్యాను. ఏడో తరగతిలో ఉండగా బడికొచ్చింది. లోపల్నుంచి బల్లలు దించి చెట్టు కింద పెట్టారు. మా సారు అలవాటుగా "ఎవరూ ముట్టుకోకండి" అని అరిచాడు. వ్యానులో వచ్చిన ఆయన "లేదు సార్, ముట్టుకోవడానికే తెచ్చాం" అన్నాడు. మా సారు మొహం ఇప్పటికీ గుర్తుంది నాకు.

వాళ్ల పద్ధతిలో ఇంకొకటుంది. పిల్లల్లోంచే కొందరిని తీసుకుని, మిగతా పిల్లలకు చెప్పేలా తయారు చేస్తారు, యంగ్ ఇన్‌స్ట్రక్టర్ లీడర్లంటారు. నేనూ చేశాను. సైఫన్ గురించి చెప్పమన్నారు. గొట్టంలో నీళ్లు పైకెక్కి కిందికెందుకు దిగుతాయని ఆరో తరగతి బుడ్డోడు అడిగితే నోట మాట రాలేదు. ఆ రాత్రి ఇంట్లో బిందె, గొట్టం పెట్టుకుని వంటిల్లంతా తడిపి అమ్మ చేత తన్నులు తిన్నాను. ఇప్పుడు పంపుల కంపెనీలో చేస్తున్నా, అదే సైఫన్‌తో బతుకుతున్నా అనుకోండి.

వ్యాను కొనడం మీ వల్ల కాదు గానీ, వాళ్లు మోటారు సైకిల్ మీద కూడా ల్యాబ్ తిప్పారు. రెండు పెట్టెల్లో పట్టేంత సామాను. అది మీ వల్ల అవుతుంది.

---

పాతజాతా | మార్చి 2, సాయంత్రం 4:30

వయసు మీద పడింది కాబట్టి కొంచెం సుత్తి భరించాలి.

1987లో భారత జన విజ్ఞాన జాతా, అంటే దేశమంతా తిరిగిన సైన్సు ప్రచార యాత్ర, వచ్చినప్పుడు నేను డిగ్రీ. మరుసటి ఏడాది జన విజ్ఞాన వేదిక అనే సైన్సు ప్రచార సంఘం పుట్టింది, అందులో చేరాను. మా పిల్లల సైన్సు పత్రిక చెకుముకికి చందాలు కట్టించడానికి సైకిల్ మీద ఎన్ని బడులు తిరిగానో. ఇప్పుడు చెకుముకి అంటే పరీక్ష అనుకుంటున్నారు అందరూ. అందులో తప్పులేదు, బడి నుంచి మండలానికి, జిల్లాకి ఎక్కుతూ పోయే ఆ పరీక్ష పల్లె పిల్లలకు చాలా చేసింది. కానీ మా పని ఎప్పుడూ పరీక్షతో ఆగలేదు.

1990-91లో నెల్లూరు జిల్లాలో అక్షరదీపం. రాత్రి బళ్లల్లో ఆడవాళ్లకు అక్షరాలు నేర్పడానికి వెళ్లాం. ఆ చదువు పుస్తకంలో సారా మీద ఒక పాఠం ఉంది. దూబగుంట ఆడవాళ్లు ఆ పాఠం చదివి ఊరుకోలేదు, సారా కొట్టు మూయించారు. ఆ మంట జిల్లా అంతా పాకి, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం దాకా పోయింది. మేం వేసుకున్న ఏడాది ప్రణాళికలో ఇదెక్కడా లేదు.

ఇంకోటి 1995 సెప్టెంబరు, వినాయకుడు పాలు తాగుతున్నాడని దేశమంతా ఊగిపోయిన రోజు. మేం నలుగురం రుబ్బురోలు పొత్రం ఒకటి పట్టుకుని బజార్లో కూర్చున్నాం. చెంచాలో పాలలో కాస్త పసుపు కలిపి పొత్రానికి తగిలిస్తే అదీ "తాగింది". పసుపు చార ఎక్కడ దిగుతోందో రాతి మీద కనిపించింది. తలతన్యత (సర్ఫేస్ టెన్షన్) అన్న మాట వాడకుండా గంటసేపు మాట్లాడాం. తిట్టినవాళ్లున్నారు. ఒక పెద్దావిడ మాత్రం చెంచా నా చేతిలోంచి తీసుకుని తానే మూడుసార్లు చేసి చూసుకుని, ఏమీ అనకుండా వెళ్లిపోయింది.

శీనూ, మీ రెండు లక్షల్లో కొంత పెద్దవాళ్లకు పెట్టు. పిల్లాడు బళ్లో నేర్చుకున్నది ఇంటికెళ్లాక నానమ్మ ఒక్క మాటతో కొట్టేస్తుంది.

---

జాతకరత్న | మార్చి 2, సాయంత్రం 5:05

గ్రహణం రోజు గర్భిణులు బయటికొస్తే మొర్రి పుడుతుందన్నది కూడా మూఢనమ్మకమేనా? మా వంశంలో

నిర్వాహకుడు | మార్చి 2, సాయంత్రం 5:20

పై పోస్టులో మిగతాదీ, దాని కింద వచ్చిన పద్నాలుగు జవాబులూ వేరే చర్చకు మార్చాను. అక్కడ కొట్టుకోండి. ఇక్కడ శీను గారి రెండు లక్షల గురించి.

---

కనిగిరి_లత | మార్చి 2, రాత్రి 9:18

మిర్యాలగూడ అంటే నల్గొండ జిల్లా కదా, ఆగలేకపోయా. మాది ప్రకాశం జిల్లా, మీకూ మాకూ ఉన్న చుట్టరికం ఫ్లోరైడ్.

నేను జీవశాస్త్రం టీచరుని. రెండేళ్ల కింద మా ఎనిమిదో తరగతి పిల్లలు ఇద్దరితో జాతీయ బాలల సైన్స్ కాంగ్రెస్‌కి ప్రాజెక్టు చేయించాను. 1993 నుంచి జరుగుతోంది ఇది. చుట్టుపక్కల ఉన్న సమస్య తీసుకోవాలి, పిల్లలే తిరిగి వివరాలు సేకరించాలి, తెలుగులోనే చెప్పొచ్చు. మాకు ఖర్చయిందంతా ఒక ఫ్లోరైడ్ టెస్ట్ కిట్, రెండు వందల పేజీల నోటుబుక్కు.

కిట్‌లో పని తేలిక. బోరు నీళ్లు కొలిచి పోసి, మందు చుక్కలు వేస్తే గులాబీ రంగు వస్తుంది. ఫ్లోరైడ్ ఎక్కువున్న కొద్దీ అది పసుపు వైపు వెళ్తుంది. కార్డు మీది రంగులతో పోల్చి అంకె రాసుకోవాలి. లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటకూడదు, వేరే నీళ్లే లేకపోతే ఒకటిన్నర దాకా. పిల్లలు 23 బోర్లు తిరిగారు. ఏ బోరు ఎంత లోతో ఊళ్లోవాళ్లను అడిగి రాశారు. ఒక తాత లోతు చెప్పకుండా ముందు ఫ్లోరైడ్‌తో గారపట్టిన తన పళ్లు చూపించాడట.

జిల్లా స్థాయిలో జడ్జి చార్టు చూడలేదు. నోటుబుక్కు తిరగేసి, "ఈ రంగులు ఎక్కడ నిలబడి చూశారమ్మా?" అని అడిగారు. పిల్లలు మొహమొహాలు చూసుకున్నారు. సగం బోర్లు బడి వదిలాక సాయంత్రం, ఇంట్లో ట్యూబులైటు కింద చూశారు. మిగతా సగం ఆదివారం పగలు. ట్యూబులైటు కింద గులాబీ వేరుగా కనిపిస్తుందని నాకూ తట్టలేదు. మేం రాష్ట్రానికి వెళ్లలేదు. వచ్చేటప్పుడు బస్సులో పిల్లలిద్దరూ ఏడుస్తారనుకున్నా. "మేడం, కిట్‌లో ఇంకా ఎన్ని చుక్కలున్నాయి?" అని అడిగారు. సాయంత్రం చేసిన పదకొండూ మళ్లీ పగలు చేశారు, నాలుగు అంకెలు మారాయి.

ఇంతకీ మీ జిల్లా పేరు మీదే ఒక పద్ధతుంది, నల్గొండ టెక్నిక్. నాగపూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు రూపొందించింది. పటిక, సున్నం, కొంచెం బ్లీచింగ్ పౌడరు కలిపి బాగా తిప్పి, తేర్చితే ఫ్లోరైడ్ అడుక్కి దిగుతుంది. ఇప్పుడు మీకు కృష్ణా నీళ్లు కుళాయిలో వస్తున్నాయి కాబట్టి తాగడానికి అక్కర్లేదేమో, కానీ రెండు బకెట్లలో మీ పిల్లలు చేసి కిట్‌తో ముందు, తర్వాత కొలిస్తే? వాళ్ల ఊరి పేరుతో ఉన్న కెమిస్ట్రీ అది.

---

భౌతికం_మేడం | మార్చి 2, రాత్రి 9:50

లతా, ఆ జడ్జి ఎవరో గానీ చేతులెత్తి దండం పెట్టాలి.

శీను గారూ, పైసా ఖర్చు లేనిది నాదొకటి. మిర్యాలగూడ అక్షాంశానికి ఏడాదికి రెండుసార్లు సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు, మే 7 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 5, 6 తేదీల్లో మళ్లీ. ఆ నిమిషంలో నిలువు కర్రకు నీడ ఉండదు. మేలో సెలవులు కాబట్టి బడికి దొరికేది ఆగస్టే, ఆగస్టులో మబ్బు. మా దగ్గర మొదటి ఏడాది నూట యాభై మందిమి స్టీలు గ్లాసులు బోర్లించి గంటసేపు ఆకాశం కేసి చూశాం, చినుకులు పడ్డాయి. రెండో ఏడాది మబ్బు తొలగి సరిగ్గా రెండు నిమిషాలు ఎండొచ్చింది. గ్లాసు చుట్టూ నీడ లేదు! ఎవరో వెనకనుంచి "నాది పోయిందిరా" అని అరిచాడు. మర్నాడు ఒకమ్మాయి, ఢిల్లీలో ఉన్న మా మామయ్యకి ఎప్పుడొస్తుంది మేడం అంది. ఎప్పటికీ రాదు, కర్కట రేఖ దాటి ఉంది కదా అని నేను చెప్పెయ్యలేదు. గ్లోబు ఇచ్చాను.

---

రైస్‌మిల్లు_రమణ | మార్చి 3, ఉదయం 6:55

రాత్రంతా చదివిన. ఆ ఫ్లోరైడ్ కిట్ ఎంతుంటది లతమ్మా? పది తీసుకుంటే తగ్గిస్తరా? మా మిల్లు బోరు కూడ చూడాలె. ఫొటో మాత్రం పిల్లలు నీళ్లు కొలిచేటప్పుడు తీపిద్దాం, నేను పక్కన నిలబడ్త. అదొక్కటి ఒప్పుకోండి.

---

సిరి_ఎడిసన్ | మార్చి 3, ఉదయం 7:30

ఒప్పుకున్నాం రమణ గారూ. 😀 పగటి వెలుతురులో తీయించండి.

---

వాడపల్లి_శీను | మార్చి 5, రాత్రి 8:12

అందరికీ కృతజ్ఞతలు. రెండు రోజులు కనిపించనందుకు ఏమనుకోకండి, తాళంచెవి వెంట పడ్డాను.

పాత హెచ్చెమ్ గారు దేవరకొండలో ఉన్నారు. ఫోన్ చేస్తే పాపం వెంటనే బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపారు. ఈరోజు మధ్యాహ్నం తెరిచాం. ఒక మైక్రోస్కోపు లెన్సుకి బూజు పట్టింది, రెండోది బాగానే ఉంది. మేడం చెప్పినట్టు కాగితం రాసి సంతకం పెట్టి తీసుకెళ్లాను. కొత్త హెచ్చెమ్ మేడం రెండుసార్లు చదివి ఫైల్లో పెట్టుకున్నారు.

ఉల్లిపొర పెట్టి మొదట నేనే చూశాను, నాకేమీ కనిపించలేదు. నా కనురెప్పలే కనిపించాయి. ఏడో తరగతి పిల్ల ఒకతి "అంకుల్, అద్దం వెలుతురు వైపు తిప్పాలి" అని తనే తిప్పింది. ఇప్పటిదాకా బీరువాలో ఉన్నదాన్ని ఎలా వాడాలో నీకెలా తెలుసమ్మా అంటే, పాఠం పుస్తకంలో బొమ్మ ఉంది కదా అంది.

లతగారూ, కిట్ ఎక్కడ కొన్నారో మెసేజ్ పెట్టండి. బాబూ, ఆ మోటారు సైకిల్ పెట్టెల్లో ఏమేం ఉండేవో గుర్తున్నంతవరకు రాయి తమ్ముడూ. శాలువాలు ఇంకా ఎనిమిది ఉన్నాయి.